లెక్కలోకి రాని మధ్య జాగా

1940 మార్చిలో ఆలిండియా రేడియో తన స్టేషన్లలో హార్మోనియంను నిషేధించింది. 1971లో సడలించేదాకా, అంటే మూడు దశాబ్దాల పాటు, ఆ నిషేధం కొనసాగింది. అది విదేశీ వాయిద్యమన్న అభ్యంతరం ఒకటి ఉండేది. కానీ సంగీతం తెలిసినవాళ్లు చూపించిన అసలు లోపం వేరు. హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే ఒక స్వరం పలుకుతుంది, పక్క మెట్టు నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. ఆ రెండు మెట్ల మధ్య పలికేది ఏమీ లేదు. మన సంగీతంలో చాలా భాగం ఆ మధ్యలోనే ఉంటుంది.

తోడి రాగంలో గాంధారాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. కాగితం మీద దాన్ని సాధారణ గాంధారం అని రాస్తారు. పాడేవాళ్లు మాత్రం ఆ స్థానంలో స్థిరంగా నిలబడరు. రిషభం దగ్గర నుంచి మధ్యమం వైపుకు, మళ్లీ వెనక్కి, ఊపుతూ పాడతారు. ఆ ఊపు తీసేసి, గాంధారాన్ని ఉన్నచోట ఉన్నట్టు పట్టి నిలిపితే స్వరం తప్పు కాదు, కానీ తోడి అనిపించదు. రాగం గుర్తుపట్టేది స్వరస్థానాలను బట్టి మాత్రమే కాదు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిని బట్టి కూడా. దాన్నే గమకం అంటారు. పదమూడో శతాబ్దంలోనే సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు 15 రకాల గమకాలను పేర్కొన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. తెలుగు పద్యనాటకానికి హార్మోనియం చేసిన మేలు చిన్నది కాదు. సురభి నాటకాల నుంచి ఊళ్లలో రాత్రంతా సాగిన పౌరాణిక నాటకాల దాకా, పద్యం ఎత్తుకునే నటుడికి శ్రుతి అందించింది ఆ పెట్టే. అక్కడ గమకం బాధ్యత గొంతు తీసుకుంది, వాయిద్యం ఆసరాగా నిలిచింది. కాబట్టి ఆ వాయిద్యం పనికిరానిదని ఎవరూ అనలేరు. అది ఏది పట్టుకోగలదు, ఏది పట్టుకోలేదు అన్నదే ఇక్కడి విషయం.

ఫిడేలుకు మెట్లు లేవు. వేలు తీగ మీద ఎక్కడైనా ఆగొచ్చు, ఎక్కడికైనా జారొచ్చు. అందుకే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకున్న ఈ పరదేశీ వాయిద్యం కర్ణాటక సంగీతంలో ఇంటి వాయిద్యమైపోయింది. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వేంకటస్వామినాయుడు చేతిలో అది కచేరీని ఒంటిగా నడిపించే స్థాయికి చేరింది. హార్మోనియం, ఫిడేలు రెండూ పడమటి నుంచే వచ్చాయి. ఒకదాని మీద అంత పేచీ రావడానికి, రెండోది అంతగా కలిసిపోవడానికి తేడా స్వరాల మధ్య ఉన్న జాగా దగ్గరే వచ్చింది.

ఆ బాలుస్వామి దీక్షితులకు దత్తపుత్రుడైన సుబ్బరామ దీక్షితులు ఇంకో పని చేశారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో ఉంది. అందులో స్వరాలతో పాటు ఏ స్వరం మీద ఏ గమకం రావాలో ప్రత్యేకమైన గుర్తులు పెట్టారు. మామూలు పాఠ్యపుస్తకాలు స రి గ మ అక్షరాలు రాసి మిగతాది గురువుకు వదిలేస్తాయి. ఈయన స్వరాల మధ్య దారిని కూడా కాగితం మీదికి తెచ్చారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక కృతి పాత రూపం ఏమిటన్న చర్చ వస్తే విద్వాంసులు ఆ పుస్తకమే తెరుస్తారు.

సంగీతం గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. చాలా రంగాల్లో జరిగేది ఇదే. రెండు కొసలకు పేర్లుంటాయి, కొలతలుంటాయి, సొంతదారులుంటారు. మధ్యలో ఉన్నదానికి ఇవేవీ ఉండవు కాబట్టి దాన్ని ఖాళీ అనుకుంటారు. పని జరిగేది అక్కడైనా సరే, రికార్డులో లేదు కాబట్టి అందరికంటే ముందు పోయేది అదే. దాన్ని రాసిపెట్టే తీరిక, ఓపిక ఎవరికైనా ఉన్నచోట మాత్రం అది నిలిచింది. లెక్కల్లో కూడా ఇలాంటి ఉదాహరణ ఒకటుంది. ఆర్యభటుడు జ్యా (ఇప్పటి సైన్) విలువలను 3 డిగ్రీల 45 నిమిషాలకు ఒకటి చొప్పున 24 ఇచ్చాడు. 665లో బ్రహ్మగుప్తుడు 15 డిగ్రీలకు ఒక విలువ మాత్రమే ఉన్న చిన్న పట్టిక తీసుకుని, రెండు విలువల మధ్య ఏ కోణానికైనా జ్యా ఎంతో దాదాపు సరిగ్గా రాబట్టే సూత్రం చెప్పాడు. పక్కపక్క తేడాలే కాదు, ఆ తేడాల మధ్య తేడాను కూడా లెక్కలోకి తీసుకోవడం అందులో కిటుకు. పట్టికను పెంచకుండానే దాని సందులన్నీ నింపిన పని అది.

నరానికీ నరానికీ మధ్య

మధ్య జాగా మీద విజ్ఞాన శాస్త్రంలో జరిగిన అతి పెద్ద వాదం మెదడు గురించి. ఇటలీకి చెందిన కామిల్లో గోల్జీ 1873లో సిల్వర్ నైట్రేట్‌తో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఆయన దృష్టిలో మెదడంతా తెగని ఒకే వల. స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ అదే రంగు పద్ధతి వాడి, ప్రతి కణమూ విడిగా ఉందని, ఒకదాని కొస ఇంకోదాన్ని అంటుకోవడం లేదని వాదించాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. బహుమతి ఉపన్యాసంలోనే గోల్జీ కహాల్ సిద్ధాంతాన్ని తప్పుపట్టాడు. కహాల్ చెప్పినదే సరైనదని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1950లలో కళ్లకు చూపించింది. అంతకు చాలా ముందే, 1897లో, చార్లెస్ షెరింగ్టన్ ఆ సంధిస్థానానికి సినాప్స్ అని పేరు పెట్టి ఉంచాడు.

ఆ సందు వెడల్పు సుమారు 20 నుంచి 40 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వేలవంతు కూడా కాదు. కరెంటు సంకేతం అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి రసాయనం దాటుతుంది. 1921లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో దీన్ని రుజువు చేశాడు. మొదటి గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే, ఏ నరమూ తాకకుండానే, అదీ నెమ్మదించింది.

ఈ ఆలస్యం, ఈ చుట్టుదారి ఎందుకు? నేరుగా అతుక్కుని ఉంటే వేగం ఎక్కువ కదా? నిజానికి శరీరంలో అలా నేరుగా కలిసిన నాడీసంధులు కూడా కొన్ని ఉన్నాయి, అవి వేగంగానే పనిచేస్తాయి. కానీ సందు ఉన్నచోట మాత్రమే సంకేతాన్ని పెంచడం, తగ్గించడం, అసలు ఆపేయడం ఇంత బాగా కుదురుతుంది. నేర్చుకోవడం అంటే చాలావరకు ఈ సంధుల బలం మారడమే. మనసుకు, మెదడుకు సంబంధించిన మందుల్లో ఎక్కువ భాగం పనిచేసేది కూడా ఇక్కడే.

పల్లెటూళ్ల ఆసుపత్రుల్లో డాక్టర్లకు ఈ సందు పుస్తకంలో బొమ్మ కాదు, రోజూ ఎదురయ్యే సంగతి. నాగుపాము విషం నరానికీ కండరానికీ మధ్య ఉన్న సందులో అవతలి గట్టున కూర్చుని, రసాయనం దిగే చోటును ఆక్రమిస్తుంది. కట్లపాము విషం ఇవతలి గట్టున, రసాయనం విడుదలయ్యే నరం కొసనే దెబ్బతీస్తుంది. రెండు కాట్లలోనూ కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి కండరాలు పడిపోతాయి. అయినా సందులో రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేసే నియోస్టిగ్మిన్ ఇంజక్షన్‌కు నాగుపాము కాటు లొంగినట్టు కట్లపాము కాటు సాధారణంగా లొంగదు. పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు చేసేది ఇంకో రకం. పని అయిపోయిన రసాయనాన్ని సందులో నుంచి ఎప్పటికప్పుడు తొలగించే ఎంజైమ్‌ను అవి పనిచేయనివ్వవు. రసాయనం అక్కడే పేరుకుపోయి నోట్లో నురగ, చెమట, కండరాల వణుకు మొదలవుతాయి. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టే రైతు పత్తిచేలో ఎదుర్కొనే ప్రమాదం ఇదే. రెండు కణాలూ బాగానే ఉన్నాయి, మధ్య జాగా శుభ్రంగా లేదు. మనిషి ప్రాణం పోవడానికి అది చాలు.

మోకాలి ఎక్స్‌రే దగ్గర ఇదే పొరపాటు ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఎక్స్‌రేలో తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య నల్లటి ఖాళీ ఉంటుంది. అది ఖాళీ కాదు, మృదులాస్థి. ఎక్స్‌రేకు కనపడదు, అంతే. జనం "గుజ్జు అరిగిపోయింది" అనేది దాని గురించే. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దాని ఆహారం, కాలు కదులుతుంటేనే ఆ ఆహారం లోపలికి ఇంకుతుంది. అందుకే నొప్పి అని పూర్తిగా మంచం పట్టడం మోకాలికి మేలు చేయదు.

యంత్రాల వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 13 మీటర్ల రైలు పట్టా 40 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. పాత లైన్లలో పట్టాకూ పట్టాకూ మధ్య ఆ మేరకు సందు వదిలేవారు, పాత రైలు ప్రయాణాల టకటక చప్పుడు దానిదే. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవునా వెల్డ్ చేస్తున్నారు. సందు పోయింది కానీ సాగాలన్న ఒత్తిడి ఎక్కడికీ పోలేదు. స్లీపర్లు, కంకర కలిసి ఆ ఒత్తిడిని అదిమిపట్టి ఉంచుతాయి, కొసల దగ్గర ప్రత్యేకమైన జాయింట్లు పెడతారు, మండుటెండల్లో పట్టా వంగిందేమో చూసేందుకు సిబ్బంది లైను వెంట నడుస్తారు. సందు చేసే పనిని తీసేస్తే, దాన్ని ఇంకెవరో రోజూ చేస్తూ ఉండాలి.

మధ్యలో ఏ బలమూ ఉండదన్న భ్రమ ఆకాశం విషయంలో కూడా ఉంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన, సూర్యుణ్ణి గమనించే వ్యోమనౌక ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 ప్రాంతానికి చేరింది. సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ అక్కడ సమానమై రద్దయిపోతాయని చాలామంది రాశారు. అది నిజం కాదు. రెండూ సమానమయ్యే చోటు భూమికి ఇంకా చాలా దగ్గరలో, దాదాపు 2.6 లక్షల కిలోమీటర్లలోనే ఉంది. ఎల్1 దగ్గర సూర్యుడి పట్టే ఎక్కువ. భూమి వెనక్కి లాగడం వల్ల ఆ పట్టు కొంచెం సడలి, లోపలి కక్ష్యలో ఉన్నా సరే ఆ వ్యోమనౌక భూమితో సమానంగా ఏడాదికి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చోటు స్థిరమైనది కూడా కాదు, అప్పుడప్పుడూ ఇంజన్ మండించి సరిదిద్దుకుంటూ ఉండాలి.

నేలా కాదు, నీరూ కాదు

రికార్డు లేకపోతే మధ్య జాగాకు ఏం జరుగుతుందో చూడాలంటే గోదావరి సముద్రంలో కలిసే చోటికి వెళ్లాలి. కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నేలను ముంచుతుంది, ఆటు వచ్చి బయటపెడుతుంది. నీరు కొంతసేపు ఉప్పు, కొంతసేపు చప్పన. మామూలు చెట్టు ఒక్క వారం బతకని ఈ బురదలో మడ చెట్లు బతికే తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి కొన్ని జాతుల వేళ్లు కింద నుంచి పైకి మేకుల్లా పొడుచుకొస్తాయి. కొన్నిటి ఆకులు ఉప్పును బయటికి చెమర్చేస్తాయి. ఇంకొన్నిటి గింజలు చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పెరిగిన మొలకగానే బురదలో పడతాయి. ఈ వేళ్ల సందుల్లోనే రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు పెరిగి సముద్రానికి వెళ్తాయి. చేపల్ని వేటాడే బావురు పిల్లికి ఇదే ఆవాసం. ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్, గోదావరి ఒండ్రుతో ఏర్పడిన దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక పట్టీ, కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాపు కాస్తోంది.

రైతు లెక్కలో ఇది పండే నేల కాదు. ఓడల లెక్కలో ఇది లోతున్న నీరు కాదు. ఇలాంటి నేలను ఎంతోకాలం పనికిరాని బీడు కిందే జమకట్టారు. చట్టంలో దీనికంటూ ఒక గడి మొదటిసారి స్పష్టంగా పడింది 1991లో, తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చినప్పుడు. పోటు గీతకూ ఆటు గీతకూ మధ్య ఉన్న నేలను అది ఒక ప్రత్యేక ప్రాంతంగా గుర్తించింది. 2019లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ అడవి చుట్టూ 50 మీటర్లు వదలాలి. అయినా 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు నరికి చదును చేస్తే, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. పేదలకు ఇళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ పోటు నీళ్లు వచ్చే చోట ఇల్లు కట్టి ఇవ్వడం ఆ పేదలకు కూడా న్యాయం కాదు.

కొల్లేరు కథ ఇంకా పెద్దది, ఇంకా చిక్కుది. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను పట్టుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. వానాకాలంలో పొంగి, ఎండాకాలంలో బాగా కుంచించుకుపోతుంది. నీరు తగ్గిన చోట లంక గ్రామాల వాళ్లు వరి వేసుకునేవారు, నీరున్నప్పుడు చేపలు పట్టుకునేవారు. ఒకే చోటు సగం ఏడాది చేను, సగం ఏడాది చెరువు. రెవెన్యూ రికార్డుకు ఇలాంటి జాగా నచ్చదు, అది ఎప్పుడూ ఏదో ఒకటై ఉండాలి. చివరికి గట్లు వేసి చేపల చెరువులు తవ్వడంతో ఆ ఊపిరి ఆగిపోయింది. 1999లో ప్రభుత్వం ప్లస్ 5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత, వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అక్రమ చెరువుల గట్లు తెంచారు. ఆ తర్వాత కూడా చెరువులు మళ్లీ వెలిశాయి, కాంటూరు తగ్గించాలన్న డిమాండ్ ప్రతి ఎన్నికలప్పుడూ పైకి వస్తూనే ఉంది. లంక గ్రామాల వాళ్ల జీవనం ఏమిటన్న ప్రశ్న నిజమైనదే. దానికి జవాబు కాంటూరు గీతను కిందికి జరపడంలో ఉందని అనుకోవడం మాత్రం నీటి నడక తెలియకపోవడమే. గీత కాగితం మీద జరుగుతుంది, వరద పాత గీతనే గుర్తుపెట్టుకుంటుంది.

2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండడానికి బుడమేరుకు గండ్లు పడడం ఒక కారణం. ఏటికీ ఊరికీ మధ్య వరద పారడానికి ఉన్న పల్లం కాలనీలతో నిండిపోవడం ఇంకో కారణం. ఏరు ఎండిన పదేళ్లలో ఆ పల్లం అందరికీ ఖాళీ ప్లాటుగానే కనిపించింది.

ఇంటి ముందు

పాత తెలుగు ఇంటికి వీధి అరుగు ఉండేది. అది ఇంటివాళ్లదే, కానీ ఎండలో నడిచొచ్చిన మనిషి అడక్కుండానే కూర్చోవచ్చు. అమ్మకానికి వచ్చినవాడు బుట్ట దించేది అక్కడే, పేపరు చదివేది, పంచాయతీ తేల్చేది, ముసలివాళ్లు పొద్దు గడిపేది అక్కడే. అరుగు దాటితే వసారా, తర్వాత గడప, లోపల మండువా. బయటి మనిషి ఎంత దగ్గరివాడో అంత లోపలికి వచ్చేవాడు. గుడిలో కూడా ఇదే వరస: మండపానికీ గర్భగుడికీ మధ్య అంతరాళం ఉంటుంది. రామప్ప గుడిలో ఆ వరసను అడుగడుగునా గమనించొచ్చు.

అరుగును తలచుకుని మురిసిపోయే రాతలు చాలా వచ్చాయి. వాటిలో తరచుగా రాని సంగతి ఒకటుంది. కొన్ని కులాలవాళ్లను ఆ అరుగు మీదికి ఎక్కనివ్వలేదు, వీధిలోనే నిలబెట్టి మాట్లాడారు. ఇంకొందరికి అరుగే చివరి హద్దు. మధ్య జాగా మనుషుల్ని కలపగలదు, ఎవరు ఎంతవరకు రావచ్చో కొలిచే కొలబద్ద కూడా కాగలదు. ఆ కొలబద్ద పోయినందుకు బాధపడాల్సిన పని లేదు. కానీ అరుగు పోయినప్పుడు దానితో పాటు ఎవరూ పిలవకపోయినా కూర్చోగల చోటు కూడా పోయింది, అది నష్టమే.

ఇప్పటి అపార్ట్‌మెంట్‌లో తలుపు తీస్తే కారిడార్, కారిడార్ దాటితే లిఫ్ట్. కొనేవాడు చదరపు అడుగుకు డబ్బు కడతాడు కాబట్టి కొలతకు వచ్చిందే విలువైనదవుతుంది. ఇళ్ల అమ్మకాలను నియంత్రించే 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి కొనుగోలుదారుకు గొప్ప మేలు చేసింది. ఆ నిర్వచనంలో బాల్కనీ, వరండా లెక్కలోకి రావు. మోసాన్ని అరికట్టడానికి అది సరైన నిర్ణయమే. దాని పక్కనే, వీధికీ గదికీ మధ్య ఉన్న చోటును కూడా విలువైనదిగా చూసే నిబంధన ఒకటి ఉండాల్సింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ 1947 నుంచి మూడు దశాబ్దాల పాటు భవనాల మధ్య మిగిలిపోయిన ముక్కల్లో ఏడు వందలకు పైగా పిల్లల ఆటస్థలాలు రూపొందించాడు. ఇసుక తొట్టి, నాలుగు ఇనుప కడ్డీలు, కొన్ని సిమెంటు దిమ్మలు, అంతే. నగరపాలక సంస్థ ఆ ముక్కల్ని ఒక జాబితాలోకి ఎక్కించింది కాబట్టే అది సాధ్యమైంది.

గడప మీద మనిషి

రెండు కొసలే ప్రపంచమంతా అనుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథ ఒకటుంది. హిరణ్యకశిపుడు వరం అడిగినప్పుడు జతలన్నీ లెక్కపెట్టాడు. పగలు, రాత్రి. లోపల, బయట. నేల, ఆకాశం. మనిషి, జంతువు. ప్రాణమున్నది, ప్రాణం లేనిది. ఏ జతలో ఏ కొస వల్లా చావు రాకూడదన్నాడు. జాబితా పూర్తయిందనే అనుకున్నాడు. నరసింహుడు సంధ్యవేళ, గడప మీద, తొడ మీద పెట్టుకుని, గోళ్లతో చంపాడు. అహోబిలం చూసినవాళ్లకు, పోతన పద్యాలు విన్నవాళ్లకు ఇది భక్తి కథ. అందులో ఉన్న తర్కం కూడా అంతే గట్టిది: జతలను ఎన్నిటిని పేర్చినా వాటి మధ్య చోటు మిగిలే ఉంటుంది.

మనుషులు ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు గడపలాంటి కాలం ఒకటి ఉంటుందని 1909లో ఫ్రాన్స్‌లో ఆర్నాల్డ్ వాన్ జెనెప్ చెప్పాడు. పాతదాని నుంచి విడిపోవడం, మధ్యలో ఉండడం, కొత్తదానిలో చేరడం అని మూడు భాగాలు చేశాడు. తర్వాత విక్టర్ టర్నర్ ఇప్పటి జాంబియాలోని ఎన్‌డెంబు ప్రజల మధ్య ఉండి ఆ నడిమి దశను లోతుగా గమనించాడు. అందులో ఉన్నవాళ్ల మధ్య హోదాలు కరిగిపోతాయని, అసలైన సోదరభావం పుట్టేది అప్పుడేనని అన్నాడు.

దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు అచ్చంగా ఇదే. నల్లబట్టలు, చెప్పులు లేని కాళ్లు, చాప మీద నిద్ర. ఆఫీసులో మేనేజర్, ఆయన కారు డ్రైవర్ ఇద్దరూ ఒకరికొకరు "స్వామీ". ఆ రోజుల్లో మనిషి పూర్తిగా సంసారీ కాడు, సన్యాసీ కాడు. పెళ్లికొడుకును చేశాక పొలిమేర దాటనివ్వకపోవడం, పురిటి మైలలో బాలింతను వేరుగా ఉంచడం కూడా ఇలాంటివే, వాటిలో కొన్ని ఆడవాళ్లను ఎంత ఇబ్బంది పెట్టాయన్నది వేరే చెప్పుకోవాల్సిన విషయం. వీటన్నిటిలో ఒక ఉమ్మడి గుణం ఉంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. ఆ మధ్యకాలంలో ఆ మనిషిని చూసుకోవాల్సింది ఎవరో కూడా తెలుసు. ఈ రెండూ ఉంటే గడప మీద నిలబడడం కష్టమైనా గౌరవంగానే ఉంటుంది.

ఇవి రెండూ లేనప్పుడు అదే త్రిశంకు స్వర్గం. భారత్, బంగ్లాదేశ్ సరిహద్దులో 2015 వరకు అలాంటి ముక్కలు 162 ఉండేవి. బంగ్లాదేశ్ లోపల భారత్ భూములు 111, భారత్ లోపల బంగ్లాదేశ్ భూములు 51. అక్కడ పుట్టినవాళ్లకు చుట్టూ ఉన్న దేశం పరాయిది, తమ దేశం చేరాలంటే ఆ పరాయి నేల దాటాలి. బడి, ఆసుపత్రి, పోలీసు, ఓటు ఏదీ సరిగ్గా అందలేదు. 1974లోనే ఒప్పందం రాసుకున్నా అమలుకు 41 ఏళ్లు పట్టింది. 2015 జులై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగాక అర లక్షకు పైగా మనుషులు మొదటిసారి ఒక దేశపు పౌరులుగా లెక్కలోకి వచ్చారు.

తెలుగు కుటుంబాలకు దగ్గరి ఉదాహరణ అమెరికాలో ఉంది. హెచ్1బీ మీద వెళ్లి గ్రీన్‌కార్డ్ కోసం వేచి ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000 కార్డులు, ఒక దేశంలో పుట్టినవాళ్లకు మొత్తం మీద 7 శాతమే పరిమితి. దాంతో భారతీయుల క్యూ పదేళ్లు దాటిపోయింది. ఇల్లు కొన్నారు, పన్ను కడుతున్నారు, పిల్లలు అక్కడి బడిలో చదువుతున్నారు. కానీ ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ టెన్షన్ మీద అమ్మానాన్నల ఆరోగ్యం బాగోకపోతే ఇండియాకు రావాలా వద్దా, వస్తే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ దొరికి తిరిగి వెళ్లగలమా అన్న లెక్క కూడా వేసుకోవాలి.

పెద్దలైనా తెలిసి ఎంచుకున్నారు అనుకోవచ్చు. మూడేళ్ల వయసులో వాళ్లతో వెళ్లిన పిల్లల సంగతి వేరు. తల్లిదండ్రుల దరఖాస్తులో భాగంగా పెరిగిన అమ్మాయికి 21 ఏళ్లు నిండితే ఆ దరఖాస్తు నుంచి పేరు పడిపోతుంది. వయసు లెక్కలో కొన్ని నెలలు తగ్గించే చట్టం ఒకటున్నా, ఇంత పొడవైన క్యూలో అది అందరినీ కాపాడలేదు. అప్పుడు తను పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థిగా కొత్త వీసా తీసుకుని, చాలాచోట్ల విదేశీయుల ఫీజు కట్టి చదువుకోవాలి, లేదంటే సెలవుల్లో తప్ప చూడని దేశానికి వచ్చేయాలి. వాళ్లను ఆ క్యూలో తల్లిదండ్రుల పక్కనే ఉంచడానికి కావాల్సింది పెద్ద సంస్కరణ కూడా కాదు. దరఖాస్తు పడిన రోజు ఉన్న వయసునే చివరిదాకా లెక్కలోకి తీసుకుంటే చాలు.